బానెట్ కింద ఒక చీటీ: డీజిల్ కార్లు అమ్మే కన్సల్టెన్సీల వారికి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత కార్ల వ్యాపారం చేస్తున్న అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్ల పని చేస్తాను. 26 ఏళ్ళయింది. మీ బండ్లు ఎన్నో నా షెడ్డుకు వచ్చాయి. మీరు పంపిన పనితోనే నా పిల్లలిద్దరూ చదువుకున్నారు. ఆ చనువు కొద్దీ రాస్తున్నాను. నేను అడగబోయేది ఒక్కటే. డీజిల్ కారు తాళం కొనేవాడి చేతిలో పెట్టేటప్పుడు, దాని టైమింగ్ బెల్టు (ఇంజిన్లో పిస్టన్లనూ వాల్వులనూ ఒకే లెక్కలో ఆడించే రబ్బరు పట్టీ) ఎప్పుడు మార్చారో, మీటరు ఎంత ఉండగా మార్చారో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. తెలియకపోతే తెలియదనే రాసి ఇవ్వండి.

ఇంత చిన్న విషయానికి లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. పోయిన నెల ఒక ఆదివారం జరిగింది చెబుతాను.

పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఉయ్యూరు వైపు టెంట్ హౌస్ నడుపుకునే కుర్రాడు. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని హైదరాబాద్‌లో పెళ్ళికి బయల్దేరాడు. కీసర టోల్‌గేటు దాటి కొంచెం దూరం పోయాక, ఎనభై మీద వెళ్తుండగా ముందు నుంచి టప్‌మని చప్పుడొచ్చిందట. దాని వెనకాలే గడగడమని రెండు మూడు దెబ్బలు, ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. బ్రేకు రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అయిపోయింది. వెనక లారీ హారన్ కొడుతోంది. ఎలా పక్కకు తీశాడో అతనికే గుర్తు లేదు.

"సెల్ఫ్ కొట్టకు నాన్నా" అన్నాను ముందు.

"ఇప్పటికే ఇరవై సార్లు కొట్టాను బాబాయ్. బండి అమ్మినాయనకు ఫోన్ చేస్తే, డీజిల్ లైన్లో ఎయిర్ పట్టి ఉంటుంది, ఫిల్టరు దగ్గర పంపు నొక్కి సెల్ఫ్ వెయ్యమన్నాడు. లారీ వాళ్ళు దిగి తోశారు కూడా. సెకండ్ గేర్లో వేసి క్లచ్ వదిలాను. అయినా పట్టలేదు."

"సెల్ఫ్ కొడితే ఎలా తిరుగుతోంది?"

"చాలా తేలిగ్గా తిరుగుతోంది బాబాయ్. రోజూ కంటే ఫ్రీగా ఉంది."

ఆ మాటతో నాకు అర్థమైపోయింది. బాగున్న డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ కొడితే బరువు లాగుతున్నట్టు ఊగి ఊగి తిరుగుతుంది. ఒక్కో పిస్టను గాలిని నొక్కుతున్న బరువది. బెల్టు తెగాక ఆ ఊపు ఉండదు, మిక్సీలో ఏమీ వెయ్యకుండా తిప్పినట్టు జుయ్యిమని తిరుగుతుంది. మీలో ఎవరికైనా కస్టమరు ఇలా ఫోన్ చేస్తే ఈ ఒక్క ప్రశ్న అడగండి. తేలిగ్గా తిరుగుతోందంటే, ఇక తాళం ముట్టుకోవద్దని చెప్పండి. తోయించొద్దని చెప్పండి. ఎయిర్ పట్టిందనే మాట మాత్రం అనకండి.

టోయింగ్ బండి మీద మధ్యాహ్నానికి షెడ్డుకు తెచ్చారు. టైమింగ్ కవరు పై ముక్క విప్పితే బెల్టు లేదు. కింద ముక్క కూడా విప్పాక క్రాంక్ పుల్లీ అనే కింది చక్రం దగ్గర ఉండలా చుట్టుకుని కనిపించింది. చేత్తో లాగితే పోగులు పోగులుగా వచ్చింది. ఇంజిన్ పై భాగం, హెడ్డు దించాం. నాలుగు పిస్టన్ల నెత్తి మీదా నెలవంకల్లాంటి గాట్లు పడ్డాయి. రెండింట్లో గాటు పక్కన మరో గాటు, దాని పక్కన ఇంకోటి. మొదటి గాటు బెల్టు తెగిన క్షణంలో పడింది. మిగతావి సెల్ఫ్ కొట్టినప్పుడు, తోసినప్పుడు పడ్డవని నా నమ్మకం. వాల్వులు ఊడదీసి టేబుల్ మీద ఉన్న అద్దం పలక పైన ఒక్కోటీ దొర్లించాను. మంచి వాల్వు అద్దం మీద నీళ్ళలా జారిపోతుంది. ఇవి తల ఊపుకుంటూ దొర్లాయి. ఎనిమిదింట్లో ఏడు వంగిపోయాయి.

కుర్రాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. "దీనికెంత అవుతుంది బాబాయ్?" అని అడగడానికి చాలాసేపు పట్టింది అతనికి.

వాల్వులు, గైడ్లు, గాస్కెట్లు, లేత్ షాపు పని, కొత్త బెల్టు కిట్టు (బెల్టూ, దానితో తిరిగే బేరింగులూ), టోయింగు, అన్నీ కలిపి 80 వేలు దాటింది. పిస్టన్లు, రాడ్లు ఎలాగో బతికాయి కాబట్టి అంతటితో పోయింది. ఆ బెల్టు కిట్టు టైముకు వేసుకుని ఉంటే 15 వేల లోపు పని. పెళ్ళిళ్ళ సీజన్లో సంపాదించుకున్నది ఒక మధ్యాహ్నంలో పోయింది. ఇన్సూరెన్సు వస్తుందేమోనని ఆశపడ్డాడు. మామూలు పాలసీలో అరుగుదలకూ మెకానికల్ బ్రేక్‌డౌనుకూ డబ్బు రాదు. ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

బండి అమ్మినాయన పేరు ఇక్కడ రాయను. ఆయన మోసగాడు కాడు. ఫోన్ చేసి నేనే అడిగాను, "అన్నా, ఆ బండి బెల్టు ఎప్పుడు మార్చారు?" అని. "నాకేం తెలుసు తమ్ముడూ, నా దగ్గరికి వచ్చేసరికే మూడో ఓనరు. ఆయిలు, ఫిల్టర్లు మార్పించి, వాటర్ వాష్ చేయించి, పాలిష్ కొట్టించి పెట్టాను" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ముందు ఓనరును ఆయన అడగలేదు. ముందు ఓనరు తనకు అమ్మినవాణ్ణి అడగలేదు. మూడు చేతులు మారిన బండికి ఇన్సూరెన్సు కాగితం వచ్చింది, ఆర్సీ వచ్చింది, రెండో తాళం కూడా వచ్చింది. ఇంజిను ప్రాణం దేని మీద ఆధారపడి ఉందో దాని లెక్క మాత్రం ఎక్కడో జారిపోయింది. నా బాధంతా అదే.

మీలో బండ్ల లోపలి పని తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇంజిన్లో కింద క్రాంకు పిస్టన్లను ఆడిస్తుంది, పైన క్యాము గాలి వచ్చే, పొగ పోయే తలుపుల్లాంటి వాల్వులను తెరిచి మూస్తుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు తిరగాలి. చక్రాల పళ్ళలో ఒక్క పన్ను కూడా ఈ లెక్క తప్పకూడదు. ఆ రెంటినీ కట్టి ఉంచేదే టైమింగ్ బెల్టు. డీజిల్ ఇంజిన్లో ప్లగ్గుల నిప్పు ఉండదు, గాలిని నొక్కీ నొక్కీ వచ్చిన వేడికే డీజిల్ అంటుకోవాలి. పదహారు పదిహేడు వంతుల గాలి ఒక వంతు చోటులోకి ఇరకాలి. అందుకని పిస్టను పైకొచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ మధ్య మిగిలే సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. తెరుచుకున్న వాల్వు కిందికి దిగేదేమో ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు. బెల్టు ఉన్నంతసేపూ ఒకటి వచ్చేలోపు ఇంకోటి తప్పుకుంటుంది. తెగిందంటే క్యాము ఉన్నచోటనే ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి, కింద క్రాంకు మాత్రం బండి వేగానికి తిరుగుతూనే ఉంటుంది. 2,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 2,000 చుట్లు, సెకనుకు 33 చుట్లు. సెకనులో ఎన్ని దెబ్బలో మీరే లెక్క వేసుకోండి.

చాలా డీజిల్ బండ్లలో బ్రేకుకు సాయం చేసే వ్యాక్యూమ్ పంపు క్యాము చివరనే ఉంటుంది. క్యాము ఆగితే అదీ ఆగుతుంది. కుర్రాడి బ్రేకు పెడల్ రాయిలా అయింది అందుకే. లోపల దాచుకున్న వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. కాబట్టి ఇంజిన్ హఠాత్తుగా ఆగితే వెంటనే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వెయ్యాలి. నాలుగు ఇండికేటర్లూ వెయ్యాలి. బ్రేకును వదిలి వదిలి కాకుండా ఒకే పట్టున గట్టిగా తొక్కి ఉంచి, బండిని పక్కకు తియ్యాలి. తాళం మాత్రం పూర్తిగా తియ్యకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది. తాళం ఇచ్చేటప్పుడు మీరు ఈ మాట చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. రోడ్డు మీద ఇంజిన్ కంటే ముందు కాపాడుకోవాల్సింది మనుషుల్ని కదా.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీరు రోజూ వాడే మూడు మాటలున్నాయి. వాటితోనే ఈ బెల్టు తగాదా.

మొదటిది, "ఫుల్ సర్వీస్ అయింది." కొనేవాడు ఆ మాట వినగానే అన్నీ అయిపోయాయనుకుంటాడు. మన లెక్కలో ఫుల్ సర్వీసంటే ఆయిలు, మూడు ఫిల్టర్లు, బ్రేకు క్లీనింగు. బెల్టు అందులోకి రాదు. దాన్ని చూడాలంటేనే చాలా బండ్లకు ఇంజిన్‌కు జాకీ పెట్టి, ఒక వైపు మౌంటు విప్పి, పుల్లీ ఊడదియ్యాలి. అందుకే ఎవరూ చూడరు. పోనీ చూసినా ఏం తెలుస్తుంది? ఆ రబ్బరు లోపల గాజు పోగుల తాళ్ళుంటాయి, పళ్ళ మీద నైలాను గుడ్డ ఉంటుంది. ఇప్పటి బెల్టులు పగుళ్ళు చూపించకుండానే తెగిపోతాయి. బయటికి నల్లగా నిగనిగలాడే బెల్టు నెలకే తెగిన బండ్లు నా షెడ్డుకు వచ్చాయి. బెల్టుకు కంటి పరీక్ష లేదు, తేదీ ఒక్కటే పరీక్ష. కొన్ని ఇంజిన్లకు బెల్టుకు బదులు ఇనుప చైను ఉంటుంది, అదైతే అరిగినప్పుడు పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే గరగరమని చెబుతుంది. బెల్టు ఏమీ చెప్పదు.

రెండోది, "డాక్టర్ గారు వాడిన బండి, తిరిగింది తక్కువ." బెల్టుకు కంపెనీ వాళ్ళు రెండు గడువులు పెడతారు, ఇన్ని కిలోమీటర్లు, ఇన్నేళ్ళు, ఏది ముందొస్తే అది. బండిని బట్టి ఆ కిలోమీటర్లూ ఏళ్ళూ మారతాయి, ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటాయి. పదకొండేళ్ళలో 40 వేలు తిరిగిన బండికి రబ్బరు వయసు పదకొండేళ్ళే. షెడ్డులో నిలబడి ఉన్నా ముసలిదవుతుంది. మన ఎండలకు, ఏడాదికి నాలుగు నెలలు మండే బానెట్ కింద ఇంకా తొందరగా అవుతుంది. తక్కువ తిరిగిన బండే బెల్టు దగ్గర ఎక్కువ ప్రమాదం అని చెబితే చాలామంది నమ్మరు. కిలోమీటర్లు ఎక్కువ తిరిగిన ట్రావెల్స్ బండికి డ్రైవరు భయపడి ఎప్పుడో మార్పించి ఉంటాడు. డాక్టర్ గారికి కిలోమీటర్ల గడువు ఎప్పటికీ రాదు, ఏళ్ళ గడువు సంగతి ఆయనకు ఎవరూ చెప్పరు.

మూడోది మాట కాదు, పని. మీటరు తిప్పడం. మీరందరూ చేస్తారని అనడం లేదు, చెయ్యనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. చేసేవాళ్ళకు చెబుతున్నాను. లక్షా నలభై వేలు ఉన్న మీటరును 70 వేలకు దించినప్పుడు మీకు 50 వేల రూపాయలు ఎక్కువ రావచ్చు. దాంతో పాటు ఆ బండికున్న హెచ్చరికను చెరిపేశారు. కొనేవాడు మాన్యువల్ చదివి, లక్షకు బెల్టు మార్చాలట, ఇంకా 30 వేలుంది అని నిశ్చింతగా కూర్చుంటాడు. చదివే అలవాటు ఉన్నవాడే, జాగ్రత్తపరుడే మోసపోతాడు. పాత ఇన్నోవాలో మీటరు లెక్కను బట్టి టైమింగ్ బెల్టు గుర్తు చెయ్యడానికి ఒక దీపమే పెట్టారు. మీటరు దించితే ఆ దీపం కూడా వెలగాల్సిన రోజున వెలగదు. రేటు విషయంలో చెప్పే అబద్ధం డబ్బుతో పోతుంది. ఇది కుటుంబంతో హైవే మీద వెళ్తున్నవాడి బ్రేకు దాకా పోతుంది. దయచేసి ఆపండి.

ఇంకో రెండు రకాల బండ్లున్నాయి. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. అప్పటి నుంచి ఢిల్లీ డీజిల్ బండ్లు ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే నిరభ్యంతర పత్రం) మీద మన వైపు చాలా వచ్చాయి. లోపల సీట్లు కొత్తగా ఉంటాయి, రేటు తక్కువ, లైఫ్ ట్యాక్స్ కట్టి మన నంబరు వేయిస్తారు. పదేళ్ళు దాటిన బండి అంటేనే బెల్టు గడువు ఏదో ఒక లెక్కన దాటే ఉంటుంది. మార్చారో లేదో చెప్పే మనిషి 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఢిల్లీ బండికి బెల్టు మార్చలేదనే అనుకుని మొదలుపెట్టండి.

రెండో రకం మాకు ఇంటి గాయం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళతో పాటు బండ్లూ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ రోజుల్లో మేము రాత్రింబవళ్ళు పనిచేశాం. ఆయిలు, సీట్లు, వైరింగు, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం), అన్నీ చూశాం. ఎన్ని బండ్లకు టైమింగ్ కవరు విప్పి లోపల బురద కడిగారో, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగులు మార్చారో నాకు అనుమానమే. ఆ బేరింగు చిన్నది, లోపల గ్రీజు కొంచెమే ఉంటుంది. బురద నీళ్ళు పోయాక తిరుగుతుంది కానీ ఎన్నాళ్ళు తిరుగుతుందో చెప్పలేం. బేరింగు పట్టేస్తే కొత్త బెల్టైనా తెగిపోతుంది. ఆ బండ్లు ఇప్పుడు జిల్లాలు దాటి అమ్ముడుపోతున్నాయి. మునిగిన బండి అని తెలిసి కొన్నప్పుడు, అమ్మే ముందు కిట్టు మార్పించండి.

బేరింగు మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా చెప్పాలి. పద్నాలుగేళ్ళ కింద ఒక స్కూలు మాస్టారి బండికి బెల్టు మార్చాను. "టెన్షనర్ బాగానే తిరుగుతోంది కదయ్యా, బెల్టొక్కటి వెయ్యి" అన్నారాయన. నాలుగు వేలు తేడా. పెద్దాయన, మొహమాటపడి సరేనన్నాను. పది నెలలకు టెన్షనర్ బేరింగు పట్టేసి బెల్టు పక్కకు జారి తెగింది. వాల్వులు పోయాయి. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. కూలి తీసుకోకుండా చేసిపెట్టాను గానీ ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి బెల్టుతో పాటు టెన్షనరు, బెల్టును దారిలో పెట్టే ఐడ్లరు చక్రం, బెల్టే తిప్పే వాటర్ పంపైతే అది కూడా కలిపి వెయ్యనిస్తేనే పని తీసుకుంటున్నాను. క్రాంకు సీలు, క్యాము సీలు దగ్గర ఆయిలు చెమ్మ ఉంటే అవీ మార్చాల్సిందే. ఆయిలు తగిలితే బెల్టు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బయట ఆల్టర్నేటర్ తిప్పే బెల్టు కూడా చూడాలి. కొన్ని ఇంజిన్లలో దాని అంచు పోగు ఊడి పుల్లీ వెనక నుంచి కవర్లోకి దూరి టైమింగ్ బెల్టును లాగేస్తుంది. కుర్రాడి బండికి అదే జరిగిందేమోనని చూశాను. అతనిది మాత్రం వయసే.

అందుకే మీరు "బెల్టు మార్పించాం" అని రాస్తే సరిపోదు, ఏమేం మార్పించారో రాయాలి. బిల్లు ఉంటే దాని జిరాక్సు జత చెయ్యండి. పని చేసిన మెకానిక్ క్రాంకూ క్యామూ కదలకుండా క్రాంకు పిన్ను, క్యాము పిన్ను పెట్టి మార్కులు కలిపాడా, స్టార్ట్ చేసే ముందు స్పానరుతో చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్ళీ మార్కులు చూశాడా అని అడగండి. మార్కులు సున్నంతో గీసుకుని అంచనా మీద బెల్టు ఎక్కించేవాళ్ళు మా ఆటోనగర్లోనూ ఉన్నారు. మావాళ్ళను వెనకేసుకు రావడం లేదు.

బెల్టు ఏ బండికి ఉంటుంది, చైను ఏ బండికి ఉంటుంది అని మీ కుర్రాళ్ళు తరచూ అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. డస్టర్, టెరానో, లోగాన్, వెరిటోల 1.5 డీజిల్‌కు బెల్టు. పోలో, వెంటో, ర్యాపిడ్ డీజిళ్ళకు బెల్టు. ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిళ్ళకు బెల్టు. క్రిస్టాకు ముందున్న ఇన్నోవాకు బెల్టు, క్రిస్టాకు చైను. పాత ఇండికా డీజిల్‌కు బెల్టు. కంపాస్, హారియర్, హెక్టర్‌లలో వచ్చే రెండు లీటర్ల డీజిల్‌కు కూడా బెల్టే. అవి ఇప్పుడిప్పుడే మీ యార్డులకు వస్తున్నాయి, వాటి సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగాల 1.3 డీజిల్‌కు చైను. ఎక్స్‌యూవీ 500కూ, వెర్నా, ఐ20ల 1.4, 1.6 డీజిళ్ళకూ, ఎటియోస్ డీజిల్‌కూ చైను. చైనుంటే భయమే లేదనుకోకండి, ఆయిలు టైముకు మార్చకపోతే అదీ సాగుతుంది. బెల్టు చెడ్డదనీ అనడం లేదు. తేలిక, చప్పుడు ఉండదు, గడువు ప్రకారం మారిస్తే ఇంజిన్ బతికినంతకాలం నమ్మకంగా పనిచేస్తుంది. పై వాటిలో కొన్ని కంపెనీలు ఇక్కడ డీజిళ్ళు మానేశాయి, ఫోర్డ్ 2021లో ఇక్కడ అమ్మే కార్ల తయారీనే ఆపేసింది. కాబట్టి పాత బండి బాగోగులు ఇక మీ చేతుల్లో, మా చేతుల్లోనే ఉన్నాయి.

మీరు అనబోయేవి నాకు తెలుసు. చాలామందితో టీ తాగుతూ మాట్లాడాను. "కస్టమరు అడగడు కదా" అంటారు. అడగడు, ఎందుకంటే అతనికి తెలియదు. రోజుకు పది బండ్లు చూసే మీకు తెలుసు. "బెల్టు తెలియదని రాస్తే బండి పోదు" అంటారు. పోతుంది. 15 వేలు తగ్గించి, "అన్నా, కొనగానే ఇది మార్పించుకో" అనండి. తగ్గించినందుకు మీ మీద నమ్మకం పెరిగి వాళ్ళ బావమరిదిని కూడా మీ దగ్గరికే పంపుతాడు. కుర్రాడికి అమ్మినాయన దగ్గరికి ఉయ్యూరు వైపు నుంచి ఇక ఎవరు వెళ్తారు చెప్పండి? "పక్క కన్సల్టెన్సీ వాడు రాయడు, నేనొక్కణ్ణే రాస్తే నష్టం" అనేది మూడోది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటాను. మీ అసోసియేషన్లు ఉన్నాయి కదా, నెలనెలా కూర్చుంటారు కదా. అందరూ ఒకే తేదీ నుంచి మొదలుపెడితే ఆ నష్టం ఎవరికీ ఉండదు. అందుకే ఒకరిద్దరికి చెవిలో చెప్పకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

చట్టం కూడా ఇటువైపే నడుస్తోంది. 2022 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు అధీకృత సర్టిఫికెట్ తెచ్చింది. ఓనరు మీకు బండి అప్పజెప్పినట్టు తెలియజేశాక బాధ్యత మీ మీదికే వస్తుంది. మీ దగ్గరున్నన్నాళ్ళూ బండి ఎక్కడికి, ఎందుకు తిరిగిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో పెట్టమన్నారు. బదిలీకి పెట్టే ఫారం 29లో, 30లో బండి నంబరు ఉంటుంది గానీ బెల్టు మాట ఉండదు. అది ఉండాలని ప్రభుత్వం చెప్పేదాకా ఆగక్కర్లేదు. ఆ కాగితాల కట్టకు ఇంకో కాగితం గుండుసూదితో గుచ్చితే సరిపోతుంది.

ఆ కాగితం నేనే అచ్చు వేయించాను. అరచేతి సైజు. బండి నంబరు, తేదీ, మీటరు, బెల్టు, టెన్షనరు, ఐడ్లరు, వాటర్ పంపు, పని చేసిన షెడ్డు పేరు, మళ్ళీ మార్చాల్సిన తేదీ, మళ్ళీ మార్చాల్సిన మీటరు. కింద "బెల్టు చరిత్ర తెలియదు" అని ఒక గడి, టిక్కు పెట్టుకోవడానికి. నూనె, వేడి తట్టుకునే ప్లాస్టిక్ కాగితం, వెనక జిగురుంది. బానెట్ లోపలి వైపు, ఫ్రంట్ ప్యానల్ మీద వేడి తగలని చోట అంటిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. మొదటిది టెంట్ హౌస్ కుర్రాడి బండికి అంటించాను. బండి తీసుకెళ్ళేటప్పుడు బానెట్ ఎత్తి, ఫోన్లో దాని ఫోటో తీసుకున్నాడు.

ఐదు వందలు వేయించాను, నాలుగు వందల పైన ఉన్నాయి. ఆటోనగర్ వచ్చినప్పుడు ఒక కట్ట తీసుకెళ్ళండి. డబ్బు అక్కర్లేదు.

ఇట్లు,
విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ హెడ్డు పని చేసే మీ మెకానిక్